నైరుతి మూల పూడ్చేసిన బోదె

1998. నర్సీపట్నంలో బలిఘట్టం వైపు పొలాలు ఇళ్ల స్థలాలుగా మారుతున్న రోజులు. నేను సివిల్ డిప్లొమా చేసి, బస్టాండు దగ్గర చిన్న గదిలో ఇళ్ల ప్లాన్లు గీసిచ్చేవాణ్ణి. వానాకాలంలో ఒక ఉదయం మరియమ్మగారు వచ్చారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సర్వీసంతా కూడబెట్టి రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు.

"గోడకి రెండుసార్లు సిమెంటు పూయించాను బాబూ. మళ్ళీ పెచ్చులూడిపోతంది. మేస్త్రీ ఇంకోసారి పూయమంటన్నాడు. ఏటి సేయమంటావు?"

వెళ్లి చూస్తే ఒళ్లు మండింది. కాలికి పుండైతే ముఖానికి పౌడరు రాసినట్టుంది ఆ మేస్త్రీ వైద్యం. వెనక గది పునాది పక్కన మూరెడు తవ్వించేసరికి నీళ్లు ఊరాయి. అక్కడిది బంకమట్టి. నానితే మెత్తబడి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. ఆ రెండింటి మధ్యా గోడ బీటలు వారుతుంది. గోడకు ఎన్ని పూతలు పూస్తే ఏం లాభం?

ఆ నేల ఈశాన్యం నుంచి నైరుతికి వాలు. పొలాలనాటి పంట బోదె, అంటే చేలకు నీళ్లు పారే చిన్న కాలువ ఒకటి ఆవిడ పెరటి వెనక నుంచి పక్క స్థలం నైరుతి మూలగా రోడ్డు కల్వర్టులోకి పోయేది. ఆ స్థలం సూరిబాబు అనే బియ్యం వ్యాపారిది. కొత్త ఇల్లు కడుతూ, నైరుతి ఎత్తుగా ఉండాలని గ్రావెల్ పోయించి బోదెను పూడ్చేశాడు. పైగా తన వాననీరంతా ఈశాన్యానికి వాలేలా చేయించాడు. ఆయన ఈశాన్యం అంటే మరియమ్మగారి వెనక గోడే!

ఆవిడ ఇంటి చుట్టూ అప్రాన్ వేయవచ్చు. అంటే గోడ మొదట్లో బయటికి వాలుగా వేసే సిమెంటు చప్టా. దాని పక్కన కందకం తీసి రాళ్లు నింపితే నేలలో నీరు అందులోకి దిగుతుంది. కానీ దిగిన నీరు ఎటు పోవాలి? దారి ఆ బోదె ఒక్కటే. సూరిబాబు దగ్గరికి వెళ్లాను.

"బోదె తెరవండి సూరిబాబుగారూ. ఆవిడ ఇల్లు కుంగిపోయేలా ఉంది."

"నైరుతి నుంచి నీరు పోతే యజమానికి గండమని సిద్ధాంతిగారు సెప్పేరండి. నాకేటైనా అయితే మీరు పూసీ పడతారా?" అన్నాడు. అక్కడితో ఆగలేదు. "అయినా నా ఇంటి ప్లాను మీరిచ్చిందే కదండీ. అందులో బోదెక్కడుంది?"

నిజమే, ఆ ప్లాను నేను గీసిందే. ఎండాకాలంలో కొలతలు తీశాను. ఎండిన బోదెను దాటుకుంటూ టేపు పట్టాను గానీ, కాగితం మీద దాన్ని గీయలేదు. ఆయన మీద కోపంలో సగం నా మీదికి తిరిగింది. మరియమ్మగారి చేత పంచాయతీకి అర్జీ పెట్టించాను. చూస్తామన్నారు. చూడలేదు.

తర్వాత తుఫాను వాన మూడు రోజులు పట్టింది. వెనక గది మూల కుంగి, గోడ పెరట్లోకి కూలింది. ఆ గదిలోకి వెళ్లొద్దని ముందే చెప్పబట్టి ఆవిడ ప్రాణాలతో మిగిలారు.

మర్నాడు పోట్లాడదామనే సిద్ధాంతిగారి ఇంటికి వెళ్లాను. ఆయన నింపాదిగా విన్నారు. "నీరు పైకి కనబడకూడదు గానీ, భూమిలో గొట్టంలోంచి పోతే దోషమేటి నాయనా? ఆ సంగతి నన్నెవరు అడిగారు?"

ఇంతేనా! ఆ మాట అడగడానికి సూరిబాబుకు తీరిక లేదు, నాకు బుద్ధి లేదు. సిద్ధాంతిగారి మాట చెప్పగానే సూరిబాబు కిమ్మనకుండా ఒప్పుకున్నాడు. గ్రావెల్ తవ్వి, సిమెంటు గొట్టాలు పరిచి, నీటిని కల్వర్టులో కలపడానికి ఇద్దరు కూలీలకు ఒక పూట పట్టింది. ఒక్క పూట పని! అది చేయనందుకు ఒక మనిషి సర్వీసంతా కష్టపడి కట్టుకున్న ఇంట్లో సగం పోయింది.

ఆ సాయంత్రం నేను గీసిన ప్లాను తీసుకెళ్లి మరియమ్మగారి ముందు పరిచాను. "బోదెను నేను గీయలేదమ్మా. తప్పు నా దగ్గరే మొదలైంది" అన్నాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కాగితమంతా వెతికారు.

"మరి ఇందులో నా ఇల్లేది బాబూ?"

ఆవిడ ఇల్లుండాల్సిన చోట ఒక గీత, పక్కన 'ఇతరుల స్థలం' అన్న ముక్క. అది నా చేతిరాతే.

అప్పటినుంచీ ఏ ప్లానైనా చుట్టుపక్కల ఇళ్లతోనే మొదలుపెడతాను. వాననీరు ఎవరి గోడ పక్కనుంచి ఎటు పోతుందో బాణాలు వేస్తాను. "మన ప్లానులో వాళ్ల ఇల్లెందుకండీ?" అని విసుక్కునేవాళ్లు ఇప్పటికీ వస్తారు. వాళ్ల కాగితాలు వాళ్ల చేతికిచ్చి, వేరే ఇంజినీరును చూసుకోమంటాను.