నెత్తురులో యూరియా

రిపోర్టులో రాసింది యూరిక్ యాసిడ్. మా నాయనకు వినబడింది యూరియా. ఆ ఒక్క ముక్క మీద మా ఇద్దరికీ ఎన్నేళ్ళు తగవు నడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ నా తల తిరుగుతుంది.

మానవపాడు దగ్గర మాకు మిరప చేను. నేను పెళ్ళయి గద్వాలలో ఉండేదాన్ని. రెండువేల తర్వాతి సంవత్సరాలవి. ఒక పొద్దున నాయన చెప్పు చేత్తో పట్టుకుని కుంటుతూ మా ఇంటికి వచ్చాడు. కుడికాలి బొటనవేలి మొదట్లో వంకాయంత వాపు, గుడ్డ తగిలినా ఓర్చుకోలేడు. డాక్టరు రక్తపరీక్ష రాశాడు. ఏడు లోపు ఉండాల్సింది ఎనిమిదిన్నర దాటి వచ్చింది. ల్యాబతను మా వైపు చూడనైనా చూడకుండా, "యూరిక్ యాసిడ్ ఎక్కువుంది పెద్దాయనా" అని కాగితం చేతిలో పెట్టాడు.

నాయన ముఖం వెలిగిపోయింది. "అవ్ మల్ల! ఇన్నేండ్ల సంది ఉత్త చేతులతోని యూరియా చల్లుతున్న. నెత్తుట్లకు దిగకుంట యాడికి పోతది?"

"యూరియా కాదు నాయినా, యూరిక్. మనం తిన్నది ఒంట్ల అరిగినంక తయారైతది. మూత్రంల పోవాలె. పోకుంటే కీళ్ళల్ల సూదుల్లెక్క పేరుకుంటది. మేక కార్జం, బోటి, కల్లు బంద్ జెయ్యి. డాక్టరు రాసిన గోలీ రోజూ ఎయ్యాలె."

"నేను చెప్పేదీ గదే గదా" అన్నాడు.

నొప్పి తగ్గినా గోలీ ఆపొద్దని, ఆపితే ఆ కీలు గట్టిపడి నడక దెబ్బతింటుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నా భయమంతా అదే. పొద్దున్నే మిరప చాళ్ళ మధ్య ఒక చుట్టు తిరగనిదే మా నాయన చాయ కూడా తాగడు. ఆ కాలు పోతే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది?

ఊరికి పోయి ఆయన చేసిన మొదటి పని యూరియా ముట్టడం మానేయడం. తప్పనిసరైతే రెండు చేతులకూ పాలిథిన్ కవర్లు తొడిగి, దారం కట్టుకుని చల్లేవాడు. దారిన పోయేవాళ్ళను ఆపి మరీ కారణం చెప్పేవాడు. నొప్పి తగ్గగానే గోలీలు డబ్బాలోకి పోయాయి, కార్జం పళ్ళెంలోకి వచ్చింది. పైగా మా మేనత్త మేక కాళ్ళ పాయ గిన్నెడేసి కాచి పోసేది. నేను వద్దని మొత్తుకుంటే, "నువ్వు జర ఊకో పిల్లా. కాలు నొప్పికి కాళ్ళ రసం గాక ఇంకేం తాగుతరు?" అనేది. ఏం చెప్పాలి వీళ్ళకు, నా తలకాయ!

మళ్ళీ వాచింది. ఆ వాపు మీదనే పరీక్ష చేయిస్తే, నా ఖర్మ, అంకె ఏడు లోపే వచ్చింది! "సూస్తివా? కవర్లు తొడిగినంక యూరియా దిగింది" అని కాగితం నా ముఖం ముందు ఆడించాడు. కాలేమో ఉబ్బి బల్ల మీద ఉంది. డాక్టరును నిలదీస్తే, వాపు ఉన్నప్పుడు రక్తంలో అంకె తగ్గి కనబడొచ్చునని, వాపు తగ్గాక రెండు వారాలు ఆగి చేయించాల్సిందని అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పడానికి ఏం రోగం! డాక్టరు మీద, ల్యాబు మీద, నాయన మీద, అందరి మీదా నాకు ఒళ్ళు మండిపోయింది. నాయనకు మాత్రం ఆ కాగితంలోని అంకె తప్ప ఇంకేదీ తలకెక్కలేదు.

అట్లా ఏళ్ళు గడిచాయి. వేలి మీద గడ్డ లేచింది. వేలు వంగడం మానేసింది. ఒకరోజు ఆ గడ్డ చితికిందని ఫోన్ వస్తే ఉరుకుల మీద పోయాను. లోపలి నుంచి వచ్చిన తెల్లటి పలుకులను నాయన భద్రంగా ఒక గుడ్డ మీద తీసి పెట్టాడు.

"గిప్పుడేమంటవ్ బిడ్డా? ఇది యూరియా గాకపోతే ఏంది?"

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నా ఓపిక చచ్చిపోయింది.

"అవ్ నాయినా, యూరియానే. గీ గోలీ రోజూ ఏస్తే కరిగి మూత్రంల పోతది. కార్జం తింటే మల్ల గడ్డ కడ్తది."

ఆ రోజు నుంచి, డాక్టరు మొదట రాసిన ఆ గోలీయే, ఒక్కరోజూ తప్పలేదు. అత్త పాయ తెస్తే, "అండ్ల యూరియా ఉంటది, తీస్కపో" అని కసిరాడు. కొన్ని నెలలకు, కాలు నిమ్మళంగా ఉన్నప్పుడు చేయించిన పరీక్షలో అంకె ఆరు కిందికి దిగింది. నొప్పి మళ్ళీ రాలేదు. వేలు మాత్రం వంగలేదు. గట్టు మీద అడుగు నిలవక, చేను పక్కన రోడ్డు మీద మంచం వేయించుకుని, అక్కడి నుంచే మిరపను చూస్తుండేవాడు.

ఒకసారి నేను పోయేసరికి గోలీ అరచేతిలో పెట్టుకుని దాని వైపే చూస్తున్నాడు.

"గింత మంచి గోలీ ఉన్నప్పుడు ముందుగాలనే ఎందుకియ్యకపోతివి బిడ్డా? నా కాలు దక్కేది గదా" అన్నాడు.