నానీ వేలు లేవని పాట

మా బృందంలో పాడేవారు ఎవరూ లేరు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ము, అంతే. ఇలాంటి సంగీతాన్ని పోస్ట్-రాక్ అంటారు. మెల్లగా మొదలై, పెరుగుతూ పోయి, చివర్లో ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. కండ్లకోయ కాలేజీలో మేం కట్టిన పాటలన్నీ ఈ దారినే నడిచాయి. ఆ సంగతి బయటపెట్టింది మా రెండో గిటారు ఇమ్రాన్ వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ. మనవడి ఫోన్‌లో మా పాటలు వింటూ, హోరు మొదలయ్యే ముందు ప్రతిసారీ చూపుడువేలు ఎత్తి "ఇగ లేస్తది సూడు" అనేదట. ఒక్కసారీ తప్పలేదు. టీవీ సీరియల్లో ఎవరు ఎప్పుడు ఏడుస్తారో కూడా ముందే చెప్పి ఇంట్లోవాళ్ల సరదా చెడగొడుతుందని ఆమెకు పేరు.

2012 చలికాలంలో నేను మొదటిసారి సొంతంగా ఒక పాట కట్టాను. కాలేజీ ఫెస్టులో మాకు ఒక్క పాటకే చోటు. ఇమ్రాన్ తన పాత పాటే నయమన్నాడు. చివరికి రావల్కోల్ వెళ్లి నానీకి వినిపిద్దామని, అది ఎటు పోతుందో ఆమె ముందే కనిపెట్టేస్తే నా పాట మానేద్దామని అనుకున్నాం. వాదించడం చేతకాక నేను సరేనన్నాను.

ఆదివారం ఎనిమిదిన్నరకు ఎలక్ట్రిక్ గిటారు, కరెంటుతో దాని చప్పుడు పెంచే చిన్న ఆంప్ పెట్టె పట్టుకుని మచ్చ బొల్లారంలో బస్సెక్కాను. కండక్టర్ ఆంప్‌ను చూసి, "ఏందమ్మా గిది, మిక్సీనా?" అన్నాడు. వివరించాలంటే బస్సంతా వినేలా మాట్లాడాలి. తలూపాను. పక్క సీటావిడ నేను బస్సు మారేదాకా దాని గురించే అడిగింది.

"పప్పు మంచిగ రుబ్బుతదా?"

రుబ్బుతుందన్నాను.

మేడ్చల్‌లో ఇమ్రాన్, శామీర్‌పేట నుంచి వచ్చిన స్వప్న కలిశారు. స్వప్న మా డ్రమ్మర్. షేర్ ఆటోలో ఒళ్లో డ్రమ్ము పెట్టుకుని కూర్చుంది.

"పెండ్లెవరిదమ్మా?" అన్నాడు ఆటో అతను.

"పెండ్లి కాదన్నా, సావు," అని స్వప్న నన్ను చూపించింది. "దీని పాటకు. ఇయ్యాల తేలుతది."

పదిన్నరకు రావల్కోల్‌లో దిగాం. నానీ తమ పొలం పక్క ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, చాట నిండా చిక్కుడుకాయలతో ఎదురుచూస్తోంది.

"నానీ, రెండింటికి కరెంటు పోతది. జల్దీ వినిపిస్తం," అన్నాడు ఇమ్రాన్.

"తినకుంట పాటలేంది? పరేషాన్ గాకు. కూసో బేటీ."

ముందు చాయ్ వచ్చింది. తర్వాత జామకాయలు. బగారా అన్నం, దాల్చా వచ్చేసరికి ఒంటిగంట దాటింది. విస్తట్లో ఖాళీ కనబడితే చాలు, నానీ నింపింది. వద్దనడం నాకు ఎలాగూ రాదు. చేతులు కడుక్కుని తీగలు సరిచేసుకునేసరికి రెండు కావస్తోంది.

నా పాటలో ఉపాయం ఒక్కటే: ఎప్పటికీ లేవదు. లేవబోయినట్టే ఉండి, ప్రతిసారీ వెనక్కి తగ్గుతుంది. మొదలుపెట్టాం. మొదటి మలుపు దగ్గర నానీ వేలెత్తింది. పాట తగ్గింది. ఆమె తన వేలిని అనుమానంగా చూసుకుంది. రెండోసారీ ఎత్తింది. మళ్లీ తగ్గింది. నాకు నవ్వాగలేదు. మూడోసారి మలుపు రాకముందే ఆమె చాటను దగ్గరికి లాక్కుంది.

"ఇది లేవదిగ. సమజైంది," అని కాయలు వలవడం మొదలుపెట్టింది.

ఇమ్రాన్ నావైపు జాలిగా చూశాడు. లేవకపోవడాన్ని కూడా కనిపెట్టవచ్చని నాకు తట్టనేలేదు.

అప్పుడే కరెంటు పోయింది. ఆంప్ మీది ఎర్ర దీపం ఆరింది. ఇమ్రాన్ తీగల మీంచి చేయి తీసేశాడు. నేను కూడా ఆపాల్సిందే. కానీ ఆపితే అందరూ నన్నే చూస్తారు, నేను ఏదో ఒకటి మాట్లాడాలి. దానికంటే వాయించడమే నయమనిపించింది. వట్టి తీగల చప్పుడు నా మోకాళ్లు దాటి పోవడం లేదు. స్వప్న పుల్లలు పక్కన పెట్టి, డ్రమ్ము మీద వేళ్లతో తట్టసాగింది.

కాయలు వలిచే చప్పుడు నా గిటారు కంటే పెద్దగా ఉంది. కాసేపటికి అది ఆగింది. నానీ కుర్చీ ముందుకు జరుపుకుంది. పొలంలోంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు వరండా అంచున నిలబడ్డారు. అందరూ దగ్గరికొచ్చేసరికి నాకు సిగ్గు ముంచుకొచ్చి, ఇంకా మెల్లగా వాయించాను. వాళ్లు ఇంకా దగ్గరికొచ్చారు. చివరికి నానీ నోట్లోని వక్క వాసన కూడా తెలుస్తోంది. తర్వాతి స్వరం ఏమిటో నాకే తెలియదు. ఆమె వేలు మోకాలి మీదే ఉంది. నా తీగల సడి ఎప్పుడాగిందో చెప్పడం కష్టం.

"గిదేంది?" అంది నానీ, మోసపోయినదానిలా. "ముంగటేమైతదో నాకు తెల్వనే లేదు."

ఇమ్రాన్ తల గోక్కున్నాడు. "సరే. ఫెస్టుకు నీదే."

నాలుగున్నరకు తిరుగు ప్రయాణం. మేడ్చల్‌లో కూతురింటికి పోతానని చిక్కుడుకాయల సంచితో నానీ కూడా మాతో బస్సెక్కి, నా ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. మీరెవరైనా ఆమెకు పాట వినిపించడానికి వెళ్తే, ఆకలితో వెళ్లండి. కరెంటు వేళలు మాత్రం పట్టించుకోకండి. నాకు చాలా తేలికగా ఉంది. ఆంప్‌ను మిక్సీ అన్నా, గ్రైండర్ అన్నా ఒప్పుకునేలా ఉన్నాను.

వెనకనుంచి స్వప్న నా భుజం తట్టింది. "మస్తుండెనే. ఇప్పటి సంది ప్రతి పాటల గట్లనే నడుమ కరెంటు తీసేద్దాం."

ముందు సీట్లో నానీ వెనక్కి తిరగలేదు. ఆమె చూపుడువేలు మాత్రం మెల్లగా పైకి లేచింది.