నాన్న పాట మీద నా కేసు

ఆ రోజుల్లో మనవాళ్ళని ఎవరేమన్నా, ఏమీ అనకపోయినా, నాకు కోపం వచ్చేది. కొత్తగా న్యూజిలాండ్ వచ్చినవాడికి కొట్లో బియ్యం దొరుకుతాయి, పప్పు దొరుకుతుంది, పౌరుషం ఒక్కటే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. నేను కాస్త ఎక్కువే తెచ్చుకున్నాను. ఆక్లాండ్‌లో చదువుకుంటూ, సెలవుల్లో టౌరంగాలో కివీపళ్ళ ప్యాక్‌హౌస్‌లో పనికి చేరాను. బెల్టు మీద దొర్లుకుంటూ వచ్చే పళ్ళలో మచ్చలున్నవి ఏరెయ్యాలి. నా ఎదురుగా అదే పని చేసే మెక్సికో ఆవిడని అందరం సెన్యోరా ఆంటీ అనేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం ఆవిడ కూనిరాగం తీసింది. నా చేతులు ఆగిపోయాయి. అది మా నాన్న రోజూ గడ్డం గీసుకుంటూ పాడే పాత సినిమా పాట! అదే ఎత్తుగడ, అదే విరుపు, మాటలు మాత్రం స్పానిష్.

"ఆంటీ, ఇది మా పాట," అన్నాను (ఇంగ్లీషులోనే, కోపం మాత్రం తెలుగులో).

"మా అమ్మమ్మ పాట నాయనా. బొలేరో," అంది, పళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

బొలేరో అంటే నాకు తెలిసింది మా ఎమ్మార్వో గారి బండి ఒక్కటే. పాట కొట్టేసిందే కాక దానికి జీపు పేరు కూడానా! ఒళ్ళు మండిపోయి, "దొంగతనం!" అంటూ ముందుకు వంగేసరికి మోచెయ్యి ఎర్ర బటన్‌కి తగిలి బెల్టు మొత్తం ఆగిపోయింది.

సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. "ఎవరి చెయ్యి ఇరుక్కుంది?"

"చెయ్యి కాదు సార్, మా పాట పోయింది," అన్నాను.

అప్పుడే ఇంటికి పంపేసేవాడే. మా వరసలోనే పనిచేసే ఫిజీ అంకుల్ అడ్డుపడి, "స్మోకోలో తేల్చుకుంటార్లే బాస్," అన్నాడు (స్మోకో అంటే ఇక్కడి టీ విరామం. అంకుల్ ముత్తాతలు తెలుగువాళ్ళు. ఆయనకి మిగిలిన తెలుగు "తిన్నావా" ఒక్కటే).

టీ బల్ల దగ్గర సెన్యోరా ఆంటీ ఫోనులో పాత రికార్డు పెట్టింది. గరగరల మధ్య గిటారు, బాంగో డ్రమ్ములు, ఎవరో బతిమాలుతున్న గొంతు. వాళ్ళ అమ్మమ్మ పెళ్ళికి ముందు నాటిదట. నాకిక నాన్నే దిక్కు. అక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర. స్పీకర్ పెట్టి, "నాన్నా, ఆ పాట మనదే కదా?" అని అడిగాను.

"మనదెక్కడిదిరా? బొలేరో అది, స్పానిష్ వాళ్ళ ప్రేమపాటల బాణీ," అన్నారు తాపీగా. "అప్పట్లో మద్రాసులో బయటిదేశాల రికార్డులు తెప్పించుకుని, ఆ నడక మీద మనవాళ్ళు బోలెడు పాటలు కట్టారు. లేకపోతే మన పాటలో బాంగోలు ఎందుకుంటాయి?"

"ఏమంటున్నాడు?" అన్నాడు అంకుల్. నా ఓటమిని నేనే ఇంగ్లీషులో చెప్పుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళు గడ్డం గీసుకుంటూ పాడిన మనిషి ఈ ఒక్క ముక్క ముందే చెప్పకూడదా!

"చరణం మాత్రం మనదేరా," అంటూ నాన్న అందుకున్నారు. సెన్యోరా ఆంటీ కప్పు కింద పెట్టి విన్నది. "ఇది మా దాంట్లో లేదే! నాకు నేర్పు," అంది నాతో.

నాకు వచ్చింది పల్లవిలో రెండు లైన్లే. కేసంతా ఆ రెండు లైన్ల కోసమే.

సూపర్‌వైజర్ నన్ను అట్టపెట్టెలు మడిచే పనిలోకి మార్చేశాడు. ఆవిడ మాత్రం రోజూ స్మోకోలో నా ఫోనులోంచే నాన్న దగ్గర చరణం నేర్చుకుంది. తర్వాత నాకూ నేర్పింది, తప్పు పాడితే మొట్టికాయ వేసి మరీ.

ఇప్పుడు మేముండేది న్యూజిలాండ్‌లోనే, రోటోటూనాలో. వంటింట్లో ఎప్పుడైనా ఆ పాట ఎత్తుకుంటే మా ఆవిడ, "మీకు 'ళ' పలకదేమిటండీ?" అంటుంది. నేను నవ్వేసి, ఆ 'ళ'ని 'ల'గానే పాడుకుంటాను. సెన్యోరా ఆంటీ నేర్పింది అలాగే మరి.