పిడికిలి నాది, జీపు భాగ్యది

ఎనభైల చివర్లో, ఒక ఎండాకాలం మొదట్లో, నన్నూ భాగ్యనూ జగిత్యాలలో ప్రదర్శన మ్యాచ్ ఆడమని పిలిచారు. రాసుకో అమ్మా. నేను "పోయిన" అంటే నువ్వు "వెళ్లాను" అని రాస్తున్నావు, చూస్తూనే ఉన్నాను. కానీలే, అచ్చులో మర్యాదగా ఉంటుంది.

మాది టెన్నిస్‌లో డబుల్స్ ఉద్యోగం. ఉద్యోగమనే అంటాను, పదకొండేళ్లు దాని మీదే బతికాను. సింగిల్స్ ఆడేవాళ్లు పెళ్లికూతుళ్లు, మేం తోడుపెళ్లికూతుళ్లం. పేపర్లో వాళ్లకు ఫోటో పడేది, మాకు స్కోరు పడేది, అదీ పేర్లు తప్పుగా. ఊరూరా టోర్నమెంట్లు తిరగడం, ఒకే గదిలో ఇద్దరం సర్దుకోవడం, ఒకరి గురక ఇంకొకరు భరించడం. గురక నాది కాదు.

భాగ్య వాళ్లది సిరిసిల్ల. వాళ్ల నాయన మగ్గం వదిలేసి, హైదరాబాద్‌లో ఒక క్లబ్బులో టెన్నిస్ కోర్టుకు సున్నపు గీతలు గీసే పనిలో కుదిరాడు. మాది కోరుట్ల దగ్గర పల్లె, మా తాత ఊరి దొర. అన్నలు, అంటే నక్సలైట్లు, ఊళ్లోకి రావడం మొదలయ్యాక మా నాయన మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ చేరి, అదే క్లబ్బులో మెంబరయ్యాడు. ఆయన ఆటకంటే ఆ గీతలు తిన్నగా ఉండేవి.

జగిత్యాలలో మా ఎదుటి జోడీ ఒక ఇంజనీరు గారు, ఒక డాక్టరు గారు. మైకాయన మమ్మల్ని పరిచయం చేస్తూ "కోరుట్ల దొరగారి మనుమరాలు, సిరిసిల్ల సాలోళ్ల ఆడబిడ్డ!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు కాస్త ఆట సంగతి. డబుల్స్‌లో ఒకరు వెనక గీత దగ్గర నుంచి సర్వీస్ చేస్తారు, రెండోవాళ్లు నెట్ దగ్గర నిలబడతారు. నెట్ దగ్గరున్న మనిషి చెయ్యి వీపు వెనక పెట్టి సైగ చేస్తుంది. అరచెయ్యి చాపితే, "అటు దూకి బంతి అందుకుంటాను" అని. పిడికిలి బిగిస్తే, "ఇక్కడే నిలబడతాను" అని. ఎదుటివాళ్లకు అది కనిపించదు. సర్వీస్ చేసే మనిషికి కనిపిస్తుంది, ఆమె వెనక కూర్చున్నవాళ్లకు కనిపిస్తుంది. జగిత్యాల క్లబ్బువాళ్లు పెద్దమనుషుల సోఫాలు సరిగ్గా అక్కడే వేశారు. నడుమ సోఫాలో ఊరికి కొత్తగా వచ్చిన ఎస్సై.

ఆ రోజుల్లో పిడికిలి అంటే ఏమిటో జగిత్యాలలో చంటిపిల్లకూ తెలుసు. నాకూ తెలుసు. కానీ అలవాటు పడ్డ చేతికి ఊరి సంగతి పట్టదు.

రెండో సెట్, అయిదు నాలుగు మాదే. భాగ్య సర్వీస్. మొదటి బంతి నెట్‌లో పడింది. రెండో సర్వీస్‌కు నేను పిడికిలి గట్టిగా బిగించి, నమ్మకం కలగాలని రెండుసార్లు ఊపాను కూడా. వెనక వరసలోంచి ఎవడో "లాల్ సలాం!" అన్నాడు. జనం గొల్లుమన్నారు, మరుక్షణం చప్పున ఆగిపోయారు. ఎస్సై లేచి నిలబడ్డాడు. నా దగ్గరికి రాలేదు. భాగ్య దగ్గరికి వెళ్లాడు.

"సిరిసిల్లల ఏ గల్లీ నీది? మీ అన్నదమ్ములు ఏ సంఘంల ఉన్నరు?"

"సార్, ఇంకో సర్వీస్ ఉన్నది, ఏసి అస్త," అంది భాగ్య.

ఆమెను అట్లాగే, చేతిలో బంతితో జీపెక్కించారు.

ఆ రోజుల్లో జీపెక్కిన మనిషి ఎప్పుడు తిరిగొస్తాడో, అసలు వస్తాడో రాడో చెప్పేవాళ్లు లేరు. ఓడిపోతున్న ఇంజనీరు గారే స్కూటర్ తీశారు. మంచి మనిషి, ఆట తప్ప అన్నీ వచ్చు.

ఠాణాలో చెప్పాను, పిడికిలి పట్టింది నేనని.

"కూసోండ్రి దొరసానీ. మీరెందుకు పడతరు గది? చాయ్ తాగుతరా?" అన్నాడు ఎస్సై.

నేను పిడికిలి ఎత్తి చూపించాను.

"చెయ్యి దించుండ్రి! కిటికీలకెళ్లి జనం చూస్తున్నరు."

బెంచీ మీది నుంచి భాగ్య అందుకుంది. "గామెనే పట్టింది సార్. నా రెండు చేతులు బంతికి, బ్యాటుకే సరిపాయె."

ఆయన వినలేదు. సిరిసిల్లలో ఆమెకు ఎవరెవరు తెలుసో రాసుకుని, రెండు మూడు దినాలకు వదులుతామన్నాడు. మర్నాడు సాయంత్రం ఆరు లోపల మేం హైదరాబాద్ టోర్నమెంటులో సంతకాలు పెట్టాలి. డబుల్స్ ఎంట్రీ ఫారంలో ఒకే గీత మీద రెండు పేర్లుంటాయి. ఇద్దరూ స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలి, ఒకరు రాకపోతే ఇద్దరినీ కొట్టేస్తారు. కానీ నేను భయపడింది టోర్నమెంటు కోసం కాదు. ఆ రెండు మూడు దినాల కోసం.

"మాకు కాయితం ఒక్కటే సార్," అన్నాను. "రాస్తే ఇద్దరివి రాయుండ్రి. పిడికిలి నాది గనుక నా పేరు ముంగట రాయుండ్రి."

విసుక్కుంటూ పెన్ను తీశాడు. పేరు రాశాడు. తండ్రి పేరు, తాత పేరు రాశాడు. ఊరి పేరు దగ్గర పెన్ను ఆగింది.

"మా క్యాంపున్న బంగ్లా గదే ఊర్లె గదా? మీదేనా?"

"మాదే. పెరట్ల జామచెట్టుకు మీవోళ్లు ఒక్క కాయ ఉంచలేదట."

పోలీసులున్న ఇంటి మనుమరాలే నక్సలైటని పైవాళ్లకు ఎట్లా రాస్తాడు? కాగితం చింపేశాడు. "పోండ్రి. గా ఆటేదో చేతులు ముంగట పెట్టుకోని ఆడుండ్రి," అన్నాడు.

బస్టాండు దాకా భాగ్య నా ముందు నడిచింది. అక్కడ ఆగి అడిగింది.

"నువ్వు పిడికిలి పడితివి, నేను జీపెక్కితి. గిదేం డబుల్సే? మీ తాత పేరు చెప్పి ఇడిపిచ్చినవ్. మా నాయిన పేరు చెప్తే ఇడుస్తుండెనా?"

ఇడువకపోతుండె అన్నాను.

మర్నాడు ఆరింటికి ఇరవై నిమిషాల ముందు సంతకాలు పెట్టాం. మొదటి రౌండులోనే చిత్తుగా ఓడాం. ఆ తర్వాత పిడికిలి మానేసి, "నిలబడతాను" అనడానికి చిటికెన వేలు పెట్టుకున్నాం. రెండుసార్లు లైన్ జడ్జీలు బాత్రూముకు వెళ్లాలా అని అడిగారు. అడగనీ.

నేను నేర్చుకున్నది ఇంతే. డబుల్స్‌లో సైగ చేసే ముందు ఎదుట ఎవరున్నారని కాదు, వెనక ఎవరు కూర్చున్నారో చూసుకోవాలి. పట్టుబడేది నువ్వు కాదు, నీ జోడీ.