దివిసీమలో గుహ కోసం తవ్విన గొయ్యి

మొన్న గుడివాడలో మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో కొండల దేశంలో నేల కుంగి గొయ్యి పడితే, అడుగున గుహ ఉంటుందన్న ఆశతో ఊళ్ళోవాళ్ళు సెలవు రోజుల్లో వచ్చి, ఎవరూ కూలి ఇవ్వకుండానే మట్టి తోడిపోస్తున్నారు. నవ్వబోయి నవ్వలేకపోయాను. అలాంటి గొయ్యి ఒకటి మా దివిసీమలోనూ పడింది.

అప్పట్లో నేను అవనిగడ్డలో ఎరువుల కొట్లో గుమస్తాని. బడి చదువు మధ్యలోనే ఆగిపోయినా, కొట్టు కట్టేయగానే గ్రంథాలయానికి వెళ్ళి, తలుపులు వేసేదాకా కదిలేవాణ్ణి కాదు; ఆ పొడవాటి బల్లలు, ఆ పాత కాగితాల వాసన మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఉప్పెన వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. అందులో మా మేనత్త ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. తాడిచెట్టు పట్టుకుని ఆమె బతికింది గాని, మావయ్యా పసిపిల్లా దొరకనే లేదు. మిగిలినవాళ్ళకి దూరంగా కాలనీ కట్టారు, పాత ఊరి మీద ఒండ్రు పేరుకుని చేలయ్యాయి. తన ఇల్లు ఎక్కడుండేదో కూడా తెలియకపోతే వాళ్ళ కోసం దీపం ఎక్కడ పెట్టుకోవాలని అత్తయ్య కుమిలిపోయేది.

ఒక ఏడాది తొలివానకి ఆ చేలో నేల కుంగింది. పూర్వం రాజులు సముద్రం దాకా సొరంగం తవ్వించారన్న కథ మా వైపు ఉండనే ఉంది కనుక, కాలనీ కుర్రాళ్ళంతా గుహ బయటపడుతుందని పలుగూ పారా పట్టుకుని దిగారు. కృష్ణ తెచ్చి పోసిన మట్టే తప్ప మన కాళ్ళ కింద రాయి లేదనీ, రాయి లేనిచోట గుహ ఉండదనీ నేను చదివిందంతా చెప్పాను.

"లైబ్రరీ బావగారూ, ఉపన్యాసం తర్వాత, ముందు ఆ తట్ట అందుకోండి!" అన్నాడొకడు. అందరూ నవ్వారు, నేనూ అందుకున్నాను.

నడుంలోతు దిగేసరికి కాల్చిన మట్టి వర ఒకటి తగిలింది, దాని కింద ఇంకొకటి. గుహా కాదు, సొరంగమూ కాదు, పూడిపోయిన బావి. కుర్రాళ్ళు ఉసూరుమని పలుగులు పడేశారు. మాకు మజ్జిగ తెచ్చిన అత్తయ్య గొయ్యిలోకి వంగి, వర అంచున చేదతాడు ఒరిసి పడిన గాడిని వేలితో తడిమి, "మన మంచినీళ్ళ బావేరా అబ్బాయ్! ఊరంతటికీ ఇదొక్కటే," అంది.

ఆ గాడి దగ్గర నిలబడి, బావికి వీపు తిప్పి, చంకన నీళ్ళ బిందె ఉన్నట్టే చెయ్యి మడిచి, ఒక పక్కకి ఒరిగి నడవసాగింది. చేలో కొంతదూరం పోయి ఒక వైపుకి తిరిగింది. ఇంకాస్త నడిచి, ఏమీ లేని చోట, పూరింటి చూరు కింద దూరేటప్పటిలా తల వంచి, లోపలికి అడుగుపెట్టినట్టు పెట్టి కూలబడింది.

"ఇక్కడే పడుకోబెట్టానురా దాన్ని," అంటూ అరచెయ్యి నేలకి ఆనించింది. మాలో ఒక్కరికీ దగ్గరికి వెళ్ళే ధైర్యం లేకపోయింది.

పశువులు పడతాయని పెద్దలు ఆ గొయ్యిని పూడ్పించేశారు. చేనుగలవాళ్ళు మంచివాళ్ళు, ఆమె కూర్చున్నంత మేర నాట్లు వేయకుండా వదిలేసేవారు. అత్తయ్య పోయాక ఆ పొలం చేతులు మారి రొయ్యల చెరువైంది. ఈమధ్య బస్సులో అటు వెళ్తూ కిటికీలోంచి ఎంత వెతికినా నాకు ఆనవాలు దొరకలేదు. గట్టు నుంచి గట్టు దాకా ఒకటే నీళ్ళు. వాటిలో ఎక్కడ తల వంచి లోపలికి వెళ్ళాలో తెలిసిన మనిషి ఇప్పుడు లేదు.