మామ స్లైడు వేశాడు

మొన్న మంగళవారం పొద్దున కాఫీ కలుపుతుంటే చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. మామ కోడలు. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "అక్కా, మామ పోయినాడు. తెల్లారి లేసినాడు, కాఫీ తాగినాడు, మళ్ళీ పండుకున్నాడు, అంతే" అంది. "ఎప్పుడు తీస్తారు?" అని మాత్రం అడగగలిగాను. మూడింటికంతా ఎత్తేస్తామని చెప్పింది.

మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ "ఎవురు మే పోయింది?" అని అడిగింది. చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు. "పోనీ. ఆ స్లైడెయ్యనోడు పోతే మనకేం" అంది.

నలభై ఏళ్ళకు పైగా మా అమ్మ ఆయన్ను అదే మాటతో పిలిచింది. మా పేట పేటంతా పిలిచింది. ఆ పేరు తుడిచెయ్యడానికే ఈ నాలుగు మాటలు మీ ముందు పెడుతున్నాను. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా, ఇది ఆ బాపతు పొగడ్త కాదు. ఆయన బతికుండగా చెయ్యాల్సిన పని ఇది. చెయ్యలేదు, నా నోరు పడిపోను.

మామ అంటే మాకు చుట్టం కాదు. చిత్తూరులో మా ఎదురింటి ఆయన. మా పేట సినిమా హాల్లో పని. ఫోన్లు లేని ఆ కాలంలో, సినిమాలో కూర్చున్న మనిషిని అర్జంటుగా బయటికి పిలవాలంటే ఒకటే దారి. గేటు దగ్గర పేరు చెబితే ఆ పేరు తెర మీద వేసేవాళ్ళు. దాన్నే స్లైడు అనేవాళ్ళం. అరచేతి వెడల్పు గాజు పలకకు దీపం మసి పట్టించి, దాని మీద గుండుసూదితో మామ అక్షరాలు గీకేవాడు. గీకిన చోట వెలుతురు దూరి, ఆడుతున్న బొమ్మ అడుగున తెల్లగా పడేది. ఫలానా వారు వెంటనే బయటకు రావలెను.

మా హాలు మొదట్లో డేరా కొట్టాయి, అంటే గుడారం సినిమా, తర్వాత రేకులు వేసుకుని హాలయింది. నాలుగు వరసల కుర్చీలు, తక్కినదంతా బెంచీ, నేల. మామిడికాయల మండీ కూలీలు, బెల్లం మండీ గుమాస్తాలు, కోర్టు వాయిదాకొచ్చి సాయంత్రం బస్సు దాకా పొద్దుపోని పల్లెటూళ్ళ వాళ్ళు, ఇదీ జనం. వారంలో రెండు రోజులు పొద్దుటాట అరవ సినిమా. మామ అరవంలో కూడా స్లైడు రాసేవాడు, బోలెడు తప్పులతో. ఒకసారి ఆయన రాసిన పేరుకు నలుగురు బయటికొచ్చి నలుగురూ "నన్నేనా?" అన్నారట. "మీలో ఎవురి మేకలు తప్పిపోయినాయో ఆయన ఉండండి, తక్కినోళ్ళు లోపలికి పోండప్పా" అన్నాడట మామ. ఆ కథ చెప్పి మా నాయన కడుపు పట్టుకుని నవ్వేవాడు.

తెర మీద అందరికీ 'గారు' పెట్టేవాడు. మూటలు మోసే మనిషికీ, రిక్షా తొక్కే మనిషికీ. "కూలోళ్ళకు గారేందిరా" అని ఓనరు కసిరితే, "బయట ఎట్లాగూ ఎవురూ అనరు సామీ, తెర మీదన్నా ఉండనీ" అన్నాడు. చావు, ఆసుపత్రి అన్న మాటలు మాత్రం చచ్చినా రాసేవాడు కాదు. "సీకట్లో కూసున్నోళ్ళకు సెడ్డమాట సెప్పకూడదు పాపా. యెలుతురులోకి పిలిసి, మంచినీళ్ళిచ్చి సెప్పాల" అనేవాడు. స్లైడు వేసి, మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి, చెంబుతో నీళ్ళు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. మా పేటలో ఎంతమంది తమ ఇంటి చెడ్డవార్త ఆ చెంబు పక్కన నిలబడి విన్నారో.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఆడవాళ్ళ పేరు తెరకెక్కించేవాడు కాదు. బెంచీ కుర్రకారు ఈలలేస్తారని. ఆడమనిషిని పిలవాలంటే భర్త పేరు రాసి 'గారి ఇంటివారు' అని పెట్టేవాడు. మర్యాద కోసం పెట్టుకున్న పద్ధతే మా కొంప ముంచింది.

ఇక మా అమ్మ సంగతి. ఆమెకు సినిమా అంటే ప్రాణం. గేటు దగ్గర అమ్మే పాటల పుస్తకం ప్రతిదీ కొనేది. అరుగు మీద కూర్చుని, పుస్తకం తెరిచి పట్టుకుని, పాట ఎత్తుకునేది. సరిగ్గా చరణం అయ్యేసరికి పేజీ తిప్పేది. వీధిలో ఆడవాళ్ళు చుట్టూ చేరి "ఎంత బాగా సదవతాదో సూడండి" అని ముచ్చటపడేవాళ్ళు. మా అమ్మకు చదువు రాదు. అక్షరం ముక్క రాదు. రెండుసార్లు చూస్తే పాటంతా కంఠతా వచ్చేసేది, అంతే. పేజీ ఎప్పుడు తిప్పాలో పక్కన కూర్చుని మోకాలితో పొడిచేది నేను. ఈ గుట్టు నాయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. "ఎవురికన్నా సెప్పినావంటే నేను సచ్చినట్టే" అని నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుంది. ఒట్టు వేశాను.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మామిడికాయల కాలం. నాయన మండీలో కాటా వేసేవాడు. మధ్యాహ్నం మూడింటప్పుడు కూలీ ఒకతను సైకిల్లో వచ్చి, "పాపా, మీ నాయన కాటా కాడ్నే పడిపోయినాడు. పెద్దాసుపత్రికి ఎత్తకపోయినారు. మీ అమ్మ యాడ?" అన్నాడు. అమ్మ మ్యాట్నీకి పోయి ఉంది. ఆ సైకిలు మీదే హాలు దగ్గరికి పోయాను. మామ గేటు దగ్గరే ఉన్నాడు. చెప్పాను. ఆయన ముఖం నల్లబడిపోయింది. "నువ్వు నాయన కాడికి పో పాపా. నేను ఇప్పుడే స్లైడేసి అమ్మను పంపిస్తా" అంటూనే మెట్లెక్కాడు.

అప్పుడు నేను ఒక్క మాట అనాల్సింది. అమ్మకు చదువు రాదు మామా, లోపలికి పోయి పిలువు. ఇంతే కదా! నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ నెత్తిన పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. చెబితే అమ్మ చచ్చిపోతుందనుకున్నాను. సైకిలెక్కి వెళ్ళిపోయాను.

నాయనకు అప్పటికి మాట ఉంది. "అమ్మ యాడ పాపా?" అన్నాడు. "వస్తా ఉండాది నాయనా" అన్నాను. తలుపు వైపు చూస్తూ నాలుగైదుసార్లు అడిగాడు. తర్వాత అడగలేదు.

మామ స్లైడు వేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నాయన పేరు రాసి, 'గారు' పెట్టి, ఇంటివారు వెంటనే బయటకు రావలెను అని. ఆడవాళ్ళ వైపు ఆ రోజు అమ్మ కాక పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ముగ్గురో నలుగురో. వాళ్ళకు నాయనెవరో తెలియదు. మామిడికాయల కాలం కదా, పేట మగవాళ్ళంతా మండీల్లో ఉన్నారు, మగవాళ్ళ వైపూ వాయిదాకొచ్చిన పల్లెటూళ్ళ వాళ్ళే. మామ చెంబు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అమ్మ రాలేదు. ఆడవాళ్ళ గేటు పక్క సందులోకి ఉండేది. అటునుంచి అటే ఆసుపత్రికి పరిగెత్తి ఉంటుందిలే అనుకున్నాడు. ఇంటర్వెల్లో లైట్లు వేశాక చూస్తే, అమ్మ బెంచీ మీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటోంది. జట్కా ఎక్కించుకుని వచ్చాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది.

కర్మంతరం అయిన మర్నాడే అమ్మ హాలు ముందుకు పోయింది. మ్యాట్నీ జనం చూస్తుండగా రెండు చేతులా మన్నెత్తి మామ నెత్తిన పోసింది. "స్లైడేస్తానని నా బిడ్డను పంపించేసి, ఎయ్యకుండా ఏం సేస్తా ఉంటివిరా! నా మొగుని కడసూపు లేకుండా సేస్తివే!" అని గుండెలు బాదుకుంది. అంతకుముందు దాకా నోరారా అన్నా అని పిలిచిన మనిషిని. హాలు ఆపరేటరు ఏదో చెప్పబోయాడు. "నువ్వుండప్పా" అని మామ ఆపేశాడు. వేశాను అని ఒక్క మాట అంటే చాలు. అంటే, మరి ఈమె ఎందుకు బయటికి రాలేదని వీధంతా అడుగుతుంది. ఆయనకు అప్పటికే అర్థమైపోయింది. అమ్మ వెనకాల నిలబడ్డ నన్ను ఒక్కసారి చూశాడు. నేను తల దించుకున్నాను. ఇప్పటికీ ఎత్తలేదు, నిజం చెప్పాలంటే.

ఓనరు ఆయన్ను స్లైడ్ల పని నుంచి తీసేసి సైకిల్ స్టాండులో పెట్టాడు. హాలు మూతపడేదాకా టోకెన్లు ఇచ్చుకుంటూ ఉండిపోయాడు. "స్లైడెయ్యని మామా, సైకిలన్నా ఇస్తావా?" అని పిల్లకాయలు ఎగతాళి చేసేవాళ్ళు. నవ్వి సైకిలు బయటికి తీసిచ్చేవాడు.

ఆయన ఆ మాట ఎత్తింది నా దగ్గర ఒకే ఒక్కసారి. నేను టీచరు ట్రైనింగుకు పోతున్నప్పుడు బస్టాండు దాకా వచ్చి పెట్టె అందించాడు. "పంతులమ్మవు అవతా ఉండావు. ముందు మీ అమ్మకు నేర్పించు పాపా" అన్నాడు. నేను పెట్టెను సీటు కిందికి తోశాను. "నేను మూడు తూర్లు ఏసినా. అది నీకు తెలుసు, నాకు తెలుసు, సాలు. జరిగిందాని కోసరం కాదు. రేపు నువ్వు యాడన్నా ఉండి జాబు రాస్తే సదువుకుంటాది, అందుకని సెప్తా ఉండా."

ముప్పై ఏళ్ళు ఎవరెవరి పిల్లలకో అ ఆలు దిద్దించాను. మా అమ్మ చేతికి పలక ఇవ్వలేదు. తిరుపతికి తీసుకొచ్చి నా దగ్గరే పెట్టుకున్నా ఇవ్వలేదు. అక్షరాలు వస్తే, ఆ రోజు తెర మీద పడినవి ఏమిటో గుర్తుకొస్తాయేమోనని భయం. నా తప్పు బయటపడుతుందని భయం. పిరికిదాన్ని.

పోయినేడు ఆ హాలును పడగొడుతుంటే ఏదో పని మీద చిత్తూరు వెళ్ళాను. ఎదురుగా టీ అంగడి దగ్గర మామ కర్ర పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"సెల్లెమ్మ బాగుండాదా పాపా?"

"బాగుండాది మామా."

"పాడతాదా ఇంకా?"

"లేదు మామా. ఆ రోజు నుంచి పాడలేదు."

దుమ్ము మా మీదికే వస్తోంది. "నేనింక ఎన్నాళ్ళుంటానో తెలీదు. సెల్లెమ్మ ఒగ తూరి అన్నా అని పిలిస్తే సాలు పాపా. ఫోన్లోనైనా సాలు" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని అడిగాడు. "పిలిపిస్తా మామా" అన్నాను. ఆ సాయంత్రమే చెప్పాలనుకున్నాను. అమ్మకు జ్వరమని ఒక వారం, పండగని ఒక వారం, రేపు, ఎల్లుండి, ఇట్లా ఏడాది తిరిగిపోయింది. ఒక్క పిలుపు! అంతకంటే ఆయన ఈ లోకంలో ఎవరినీ ఏమీ అడగలేదు.

మంగళవారం నేనొక్కదాన్నే బస్సెక్కాను. అమ్మ రానంది. షామియానా కింద మామను పడుకోబెట్టి ఉన్నారు. కాళ్ళకు దండం పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. పక్కన ఇద్దరు ముసలాయనలు. "ఎవురప్పా ఈయన?" అని ఒకాయన. "అదే, స్లైడెయ్యని మామ" అని ఇంకొకాయన. నా ఒళ్ళంతా మండిపోయింది. "ఏసినాడు" అన్నాను. పలక డప్పులు దబదబా మోగుతున్నాయి. "ఏందమ్మా?" అని ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "స్లైడేసినాడు! మూడుసార్లు ఏసినాడు!" అని అరిచాను. లేచి నిలబడి అందరి వైపూ తిరిగి అరిచాను. ఎవరికీ అర్థం కాలేదు. "ఎవురో సుట్టాలామె, తట్టుకోలేకపోతా ఉండాది పాపం" అని ఒకామె నన్ను కూర్చోబెట్టి నీళ్ళ సీసా చేతిలో పెట్టింది. ఆలోగా మామను ఎత్తేశారు.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, తల మీద నీళ్ళు పోసుకుని, తడిజుట్టుతోనే అమ్మ ముందు కూర్చున్నాను. అంతా చెప్పేశాను. "మామ స్లైడేసినాడమ్మా. నీకు చదువు రాదని నేనే చెప్పలేదు. ఒట్టుకు భయపడినాను. తప్పు ఆయనది కాదు, నాది. నన్ను తిట్టు. నా మీద పొయ్యి మన్ను."

అమ్మ తిట్టలేదు. "పడినాయి మే" అంది. "తెల్లంగా. అక్షరాలు."

"నీకు తెలుసా!"

"జట్కాలో కూసున్నప్పుడే తెలిసిపోయింది, అవి మనయేనని."

నాకు కోపం ఆగలేదు. "తెలిసీ ఆయన నెత్తిన ఎందుకు పోస్తివమ్మా? బతుకంతా మోసినాడే ఆయన!"

"ఇంకెవురి మీద పోసేది? నా నెత్తినే పోసుకోనుంటే, నిన్ను సాకేదానికి నేను బతికుందునా?" అంది. "ఆయన ఒగ మాట అంటాడేమోనని దినామూ సూసినా. అనలేదు. అనలేదని ఇంకా కోపమొచ్చింది."

ఇద్దరం ఏడ్చాం. కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆమే మళ్ళీ అంది.

"అవి పడతా ఉంటే ఏమనుకున్నానో తెలుసునా మే? ఎవురింట్లోనో ఏదో అయినట్టుండాది, పాపం, అనుకున్నా. పడిన పెతిసారీ కొండపక్క తిరిగి మొక్కుకున్నా. ఎవురో ఏమో సామీ, ఆ ఇంటి మనిషిని కాపాడు అని."

ఎట్లా మొక్కుకుందో నాకు చూపించడానికి రెండు చేతులూ జోడించింది. జోడించి, దించకుండా, గోడ వైపు చూస్తూ అట్లాగే కూర్చుంది.