ఎడమ బ్రాకెట్ మీద బొట్టు

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. చిక్కడపల్లిలో మా ఇంటి వెనక గల్లీలో ఏదో తిరుగుతోందని అందరూ హడలిపోతుంటే, కావాలని ఆ గల్లీలోంచే వెళ్లొచ్చిన మొండిదాన్ని. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాక ఆ మొండితనం ఇంకా ముదిరింది. ఈ అనుభవం చెప్పాక కూడా నన్ను నమ్మమని ఎవరినీ బతిమాలను.

తొంభైల్లో అశోక్ నగర్‌లో ఒక కిరాయి ఇంటి కింది వాటాలో మా వర్క్‌షాప్ ఉండేది. ఓడల మీది శాటిలైట్ ఫోన్ యాంటెన్నాలు విశాఖ నుంచి లారీల్లో రిపేరుకి మా దగ్గరికి వచ్చేవి. సముద్రం లేని ఊళ్లో ఓడల పనేంటని చుట్టాలందరూ ఎగతాళి చేసేవారు. యజమాని మూర్తి గారు ఓడల్లో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఇల్లు ఇక్కడే కాబట్టి వర్క్‌షాపూ ఇక్కడే. ఆయన కాక దోమలగూడ నుంచి వచ్చే మెకానిక్ యాదగిరి అన్న, నేను.

ఓడ ఎంత ఊగినా యాంటెన్నా డిష్ మాత్రం ఆకాశంలో ఒకే చోటికి చూస్తూ ఉండాలి. అందుకని ముందు దాన్ని బ్యాలెన్స్ చేస్తాం. కరెంటు తీసేసి, బ్రేకు వదిలి, గదిలో ఫ్యాన్ కూడా ఆపి, డిష్‌ని ఎటు తిప్పి వదిలితే అటే నిలబడాలి. ఒక పక్కకు వాలితే రెండో పక్క చిన్న ఇనుప పలకలు బిగిస్తాం.

ఒక ఏడు దసరాకి వచ్చిన యాంటెన్నా మా బావ పనిచేసే ఓడది. బావ అందులో రేడియో ఆఫీసరు. మా విజయక్క ఏడో నెల కడుపుతో మా ఇంట్లో ఉంది. మొదటి కాన్పులో బిడ్డ పోయినప్పుడు బావ నడిసముద్రంలో ఉన్నాడు. ఓడ ఫోను పాడై కబురే అందలేదు. ఆ దుఃఖమంతా అక్క ఒక్కతే పడింది. ఈసారి నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది.

"ఆ ఫోను మంచిగ చేసి పంపవే. నాకింకేం వద్దు."

మోటారు మార్చి, పండగ ముందురోజే బ్యాలెన్స్ చేశాం. ఎటు తిప్పినా కదలకుండా నిలబడింది. బ్రేకు అలాగే వదిలి ఉంచాం. పండగనాడు సాయంత్రం లారీ వస్తుంది. పొద్దున ఆయుధ పూజ. పానాలు, మీటర్లు పీట మీద పెట్టాం. మూర్తి గారు డిష్ నడిమధ్యన తడి కుంకుమతో బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, హారతిచ్చారు. పూజలో పెట్టిన పనిముట్టు ఆ రోజు ముట్టకూడదు.

హారతి కళ్లకద్దుకుంటుంటే డిష్ మెల్లగా ఎడమ పక్కకు వాలింది.

దండ బరువేమోనని తీసేశాం. అయినా వాలింది. ఫ్యాన్ ఆగే ఉంది, కిటికీలు మూసే ఉన్నాయి. మూర్తి గారు రేపు చూద్దామన్నారు. రేపు పంపితే ఓడ అందదని నేను పోట్లాడాను. యాదగిరి అన్న అడ్డం వచ్చాడు.

"పూజల పెట్టిన పానా తియ్యకు చెల్లె. మంచిగుండది."

నాకు ఏడుపూ కోపం రెండూ వచ్చాయి. తప్పయితే క్షమించమని అమ్మవారికి దండం పెట్టి పానా తీశాను.

కుడి పక్క ఒక పలక బిగించాను. ఎడమకే వాలింది. ఇంకోటి బిగించాను. మళ్లీ అంతే. డబ్బాలో ఉన్న పలకలన్నీ బిగించేశాను. అంత బరువుకి డిష్ కుడివైపు దబ్బున పడాలి. పడలేదు. అంచు పట్టుకుని ఎవరో కిందికి లాగుతున్నట్టు ఎడమకే వంగింది. యాదగిరి అన్న చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నాకూ ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు.

నేల మీద కూర్చుని, వాలిన పక్కకి తల వంచి చూశాను. డిష్‌ని మోసే ఎడమ బ్రాకెట్ మీద కుంకుమ బొట్టు ఉంది. ఆ తడి కుంకుమ లోహంలోకి సన్నటి ఎర్రగీతలా పాకింది. గోటితో గీకి చూస్తే పగులు. వెంట్రుకంత పగులు, ఈ చివర నుంచి ఆ చివరకి. కుంకుమ దిగకపోతే కంటికి ఆనేదే కాదు. అలాగే పంపితే మొదటి తుఫానుకే విరిగేది.

మూలన పడున్న పాత సెట్‌లోంచి అలాంటి బ్రాకెట్ విప్పి దీనికి వేశాం. బ్రేకు వదలగానే డిష్ కుడివైపు దబ్బున పడింది. నేను వేసిన పలకలన్నీ తీసేస్తే నిన్నటిలాగే కదలకుండా నిలబడింది. సాయంత్రం లారీ ఎక్కించాం. పగిలినంత మాత్రాన బరువు మారదు. తెలిసిన ఇంజనీర్లందరినీ అడిగాను, అందరూ అదే అన్నారు.

అక్కకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. నారాయణగూడలో ఆసుపత్రిలో చేర్చాం. ఆ వేళ బావ ఓడ తుఫానులో ఉంది. ఎస్టీడీ బూత్ నుంచి ఓడకి కబురు పెడితే, బావ ఆసుపత్రి ఫోనుకి తిరిగి చేశాడు. అక్క పాపని రిసీవర్ దగ్గర పెట్టుకుంది.

"ఇనిపిస్తుందా?"

ఇనిపిస్తుందని చెప్పి బావ ఏడ్చేశాడు.

ఆ ఎడమ బ్రాకెట్ మీద బొట్టు ఎవరు పెట్టారు? మూర్తి గారు పెట్టింది మధ్యలో ఒక్కటే. యాదగిరి అన్న కొబ్బరికాయ కొట్టాడంతే. నేను హారతి పళ్లెం అందించానంతే. ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుని అడిగాను. మేం కాదన్నారు.

ఆ పాత బ్రాకెట్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎర్రగీత పోలేదు. అక్క దాన్ని చూసినప్పుడల్లా దండం పెడుతుంది. నాకు మాత్రం కంటికి ఆనని పగుళ్లు ఇంకెన్ని వదిలేశానోననిపిస్తుంది. ఆ తర్వాత ఎన్నో యాంటెన్నాలు బ్యాలెన్స్ చేసి సముద్రానికి పంపాను. వాటి కింద కూడా ఎవరో ఒకరి బావ ఉండే ఉంటాడు. వాటిలో ఏదీ వాలి నాకు చెప్పలేదు.